265 వరుసల పక్షి: ఒక ఎక్సెల్ షీట్ డైరీ

1వ రోజు

2022 అక్టోబర్ 13న అలాస్కాలో ఒక గాడ్విట్ పిల్ల గాల్లోకి లేచింది. పుట్టి అయిదు నెలలు. నడుం మీద శాటిలైట్ ట్యాగ్, పేరుకు బదులు బీ6 అన్న గుర్తు. 24న టాస్మేనియా ద్వీపంలో దిగింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. 11 రోజుల ఒక గంట, 13,560 కిలోమీటర్లు. దారి పొడవునా కింద పసిఫిక్ సముద్రమే. గాడ్విట్ బురదనేలల్లో పొడుగు ముక్కుతో పురుగులు ఏరుకు తినే పక్షి. బాతులా నీళ్ల మీద తేలుతూ ఆయాసం తీర్చుకునే రకం కాదు. ఆల్బట్రాస్‌లా రెక్కలు చాచి గాలి మీద జారిపోయేది కూడా కాదు. దిగేదాకా రెక్కలు కొడుతూనే ఉండాలి.

ఈ సంగతి చదివినప్పటి నుంచి ఒకటే ప్రశ్న తొలిచేస్తోంది. అన్ని రోజులకు సరిపడా ఇంధనం ఆ చిన్న ఒంట్లో ఎలా పట్టింది? చదివి ఊరుకుంటే నమ్మకం కుదరడం లేదు. అందుకే ఎక్సెల్ తెరిచాను. గంటకు ఒక వరుస. 11 రోజుల ఒక గంట అంటే 265 వరుసలు. ఆఖరి వరుసకు వచ్చేసరికి పక్షి ఇంకా గాల్లోనే ఉండాలి. ప్రాజెక్టు అంతే.

ముందు ట్యాంకు నింపాలి. గతంలో అలాస్కాలో ఒక రాడార్ గుమ్మటానికి గుద్దుకుని, వలస బయల్దేరిన గాడ్విట్ పిల్లలు కొన్ని చచ్చిపోయాయి. పరిశోధకులు వాటిని కోసి చూస్తే ఒంటి బరువులో 55 శాతం కొవ్వే. నా పక్షికి 500 గ్రాముల బరువు ఇచ్చాను. అందులో కొవ్వు 275 గ్రాములు. గ్రాముకు 39 కిలోజౌళ్ల చొప్పున 10,725 కిలోజౌళ్లు.

కొవ్వే ఎందుకంటే, పక్క గడిలో సరదాకి ఇంకో లెక్క వేశాను. ఇదే శక్తిని గ్లైకోజెన్‌గా, అంటే ఒళ్లు దాచుకునే పిండిపదార్థంగా ఉంచుకుంటే? గ్లైకోజెన్ ఒంట్లో నీళ్లను పట్టుకుని ఉంటుంది కాబట్టి గ్రాముకు సుమారు 4 కిలోజౌళ్లే దక్కుతాయి. అప్పుడు 2.7 కిలోలు మోయాలి. అర కిలో పక్షి!

ఇక ఖర్చు వైపు. ఇక్కడ ఒక అంకె ఊహించుకోక తప్పలేదు: లిఫ్ట్-డ్రాగ్ నిష్పత్తి. ఎంత బరువును గాల్లో నిలపడానికి ఎంత బలంతో ముందుకు తోయాలన్నదే అది. 12 అని పెట్టాను. 500 గ్రాముల పక్షికి 12 అంటే, 42 గ్రాముల వస్తువును చేత్తో ఎత్తి పట్టుకోవడానికి పట్టేంత బలం ఎప్పుడూ ముందుకు తోస్తూ ఉండాలి. వేగం గంటకు 54 కిలోమీటర్లు. తోపుడును వేగంతో గుణిస్తే 6.1 వాట్లు వచ్చింది. కానీ కండరం తినేదంతా పనిగా మారదు, 23 శాతమే మారుతుంది, మిగతాది వేడి. అంటే అసలు ఖర్చు 26.7 వాట్లు. గంటకు 96 కిలోజౌళ్లు.

ఎంటర్ కొట్టాను. 112వ వరుసలో కొవ్వు సున్నా. దూరం 6,030 కిలోమీటర్లు. భూమధ్యరేఖ దాటకుండానే నా పక్షి సముద్రంలో పడిపోయింది.

2వ రోజు

తప్పు పొద్దున్నే తట్టింది. కొవ్వు కరిగిపోతున్నా బరువు మాత్రం 500 దగ్గరే కదలకుండా ఉంది. ప్రతి వరుసలో కరిగిన కొవ్వును బరువులోంచి తీసేయమని ఫార్ములా మార్చాను. బరువు తగ్గితే తోపుడు తగ్గుతుంది, తోపుడు తగ్గితే ఖర్చు తగ్గుతుంది. మొదటి గంటలో 26.7 వాట్లు, కొవ్వు అయిపోయే గంటలో 12.

దూరం 8,760 కిలోమీటర్లు. ఒక్క ఫార్ములాతో 2,700 కిలోమీటర్లు కలిసొచ్చాయి. విమానాల వాళ్లకు ఇది పాత లెక్కే. బ్రెగే సమీకరణం అంటారు, అందులో లాగరిథం వచ్చేది ఇందుకే. మొదట్లో మోసే ప్రతి గ్రామూ మిగతా గ్రాములన్నింటినీ మోయడానికి కూడా కాలుతుంది. నిండు ట్యాంకుతో వెళ్లే మొదటి వెయ్యి కిలోమీటర్లే అన్నిటికంటే ఖరీదు.

4వ రోజు

షీట్ పక్కన పెట్టి మిద్దెక్కాను. ఫోన్ స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేములు తీస్తుంది. పిట్టగోడ మీది పావురాలే నా ప్రయోగశాల.

అదిలిస్తే లేచినప్పటి వీడియో, ఎత్తున సాఫీగా సాగిపోతున్నప్పటి వీడియో, రెండూ తీశాను. తర్వాత ఫ్రేము ఫ్రేముగా జరుపుతూ రెక్క పూర్తిగా కిందికి వచ్చిన ప్రతిసారీ ఒక గీత. సాఫీగా పోతున్నప్పుడు పది రెక్కలకు 418 ఫ్రేములు పట్టాయి. సెకనుకు 5.7 సార్లు. లేస్తున్నప్పుడు పది రెక్కలకు 280 ఫ్రేములే. సెకనుకు 8.6. ఆ రెండో వీడియోలో ఇంకోటి కనిపించింది. రెక్కలు పైన ఒకదానికొకటి దాదాపు తగులుతున్నాయి, తోక విసనకర్రలా విచ్చుకుంది, ఒళ్లంతా నిటారుగా ఉంది. లేచేటప్పుడు వినిపించే ఆ టపటప రెక్కలు కొట్టుకునే చప్పుడే. మామూలు కంటికి ఇదంతా సెకను పైచిలుకులో అయిపోతుంది.

నెమ్మదిగా ఎగరడం తేలికనుకుంటాం. నిజానికి అదే ఎక్కువ కష్టం. వేగం తక్కువైతే రెక్క కింద పోయే గాలి తక్కువ, కాబట్టి ఉన్న గాలినే గట్టిగా కిందికి నెట్టాలి. మరీ వేగంగా పోతే ఒంటికి తగిలే గాలి నిరోధం పెరుగుతుంది. రెంటి నడుమ ఒక చవకైన వేగం ఉంటుంది. 1968లో వాన్స్ టక్కర్ అనే శాస్త్రవేత్త బడ్జీ చిలకలకు చిన్న మాస్కులు కట్టి, విండ్ టన్నెల్‌లో, అంటే ఫ్యాన్లతో గాలి ఊదే సొరంగంలో ఎగరేసి, అవి పీల్చే ఆక్సిజన్ కొలిచాడు. గంటకు 35 కిలోమీటర్ల దగ్గర ఖర్చు అన్నిటికంటే తక్కువ, అటు ఇటు పోతే పెరిగింది. గ్రాఫ్ గీస్తే ఇంగ్లిష్ యూ అక్షరం. చిలక్కి మాస్కు అలవాటు చేసిన ఆ ఓపికకు దండం పెట్టాలి.

నా షీట్‌కు దీంతో ఒక పని పడింది. ఆ చవకైన వేగం బరువుతో పాటు మారుతుంది. పక్షి తేలికవుతుంటే అది కూడా తగ్గుతుంది, బరువు వర్గమూలం లెక్కన. నేనేమో 54 అని రాయిలా పాతేశాను. దీన్ని తర్వాత చూడాలి.

6వ రోజు

ఇవాళ పరువు పోయింది. నీళ్ల కాలమ్ చేర్చాను. దారిలో తాగడానికి చుక్క దొరకదు కదా, మరి పక్షి ఎండిపోదా? కొవ్వు కాలితే నీళ్లు పుడతాయని తెలుసు. గ్రాము కొవ్వుకు 1.07 గ్రాముల నీళ్లు. ఆ నీళ్లను బరువులో కలిపి నడిపించి, టీ తాగడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి తమ్ముడు నా స్క్రీన్ చూస్తూ నవ్వుతున్నాడు.

"అన్నా, నీ పక్షి ఎగిరేకొద్దీ లావైపోతోంది."

నిజమే. బరువు కాలమ్ 500 నుంచి మొదలై 519 దగ్గర ఆగింది. 275 గ్రాముల కొవ్వు పోయి 294 గ్రాముల నీళ్లు వచ్చాయి.

"275 పెడితే 294 ఎట్లా వచ్చిందిరా?" అన్నాను, తప్పు వాడిదన్నట్టు.

"ఆక్సిజన్ ఎక్కణ్ణుంచి వచ్చింది మరి? గాల్లోంచేగా. ఆ బరువు కూడా నీళ్లలోకే చేరుతుంది."

వాడు అక్కడితో వదిలేశాడు, నాకు రెండు గంటలు పట్టింది. కొవ్వులోని హైడ్రోజన్, ఊపిరితో వచ్చిన ఆక్సిజన్ కలిసి నీళ్లవుతాయి. ఆ నీళ్లలో చాలా భాగం మళ్లీ ఊపిరితోనే ఆవిరిగా పోతుంది. పక్షి బరువు తగ్గేది ప్రధానంగా ముక్కులోంచే: బొగ్గుపులుసు వాయువుగా, ఆవిరిగా. అంటే నీళ్లు పుట్టడం గొప్ప కాదు, పోయేదానికి వచ్చేదానికి సరిపోవాలి. పొడి గాలిలో సరిపోకపోతే పక్షి కండను కరిగిస్తుంది. మాంసంలో నీళ్లే ఎక్కువ కదా. ఒక్కో కిలోజౌల్‌కు లెక్కేస్తే, కొవ్వు కంటే కండ కరిగితే దాదాపు 5 రెట్లు నీళ్లు వస్తాయి. 2011లో విండ్ టన్నెల్‌లో థ్రష్ పిట్టల్ని పొడిగాలిలో ఎగరేసి చూశారు. తేమ గాలిలో ఎగిరిన వాటికంటే అవి ఎక్కువ కండ కరిగించుకున్నాయి.

నీళ్ల కాలమ్‌ను బరువులోంచి తీసేశాను. కండకు కొత్త కాలమ్ పెట్టాను. తమ్ముడికి టీ పోశాను.

9వ రోజు

ఆ కండ కాలమ్ ఈ ప్రాజెక్టును తలకిందులు చేసింది.

కండను ఇంధనంగా చూస్తే పరమ దండగ. తడి కండ గ్రాముకు 5.3 కిలోజౌళ్లే, కొవ్వులో ఏడో వంతు. నా పక్షి దారిలో 40 గ్రాముల కండను కరిగించుకుంటుందని పెట్టాను. 212 కిలోజౌళ్లు వచ్చాయి. మొత్తం ఇంధనంలో 2 శాతం. ఏం ఒరుగుతుందిలే అనుకుంటూ నడిపించాను.

9,710 కిలోమీటర్లు. ఇంధనం పెరిగింది 2 శాతం, దూరం పెరిగింది 11 శాతం. ఫార్ములా తప్పేమోనని మూడుసార్లు చూసుకున్నాను. తప్పు లేదు. ఆ 40 గ్రాములు శక్తి ఇచ్చినందుకు కాదు, మోయక్కర్లేకుండా పోయినందుకు దూరం పెరిగింది. సగం దారిలో పక్షి బాగా తేలికైంది, బయల్దేరినప్పుడున్నంత రొమ్ము కండరం ఇక అక్కర్లేదు. అక్కర్లేని ఇంజిన్ ముక్కను కోసి పొయ్యిలో వేసుకుంటోంది.

నాకు తట్టిన ఈ మాట కొలిన్ పెనీక్విక్, ఫిల్ బాట్లీ అనే పరిశోధకులు 2003లోనే లెక్క కట్టి చూపించారు. గ్రేట్ నాట్ అనే పక్షి ఆస్ట్రేలియా నుంచి చైనాకు 5,420 కిలోమీటర్లు ఆగకుండా ఎగురుతుంది. బయల్దేరే ముందు పక్షుల్ని, చేరిన పక్షుల్ని పోల్చి చూస్తే దాదాపు అన్ని అవయవాలూ చిక్కిపోయాయి. చిక్కనివి రెండే, మెదడూ ఊపిరితిత్తులూ. గుండె కూడా తగ్గింది, పేగులు తగ్గాయి, కాలేయం తగ్గింది. ఏది ముట్టుకోవచ్చో ఏది ముట్టుకోకూడదో ఆ ఒంటికి తెలుసు.

గాడ్విట్‌దైతే ముందుచూపు కూడా. రాడార్‌కు గుద్దుకున్న ఆ పిల్లల్లో జీర్ణాశయం, కాలేయం, మూత్రపిండాలు, పేగులు మామూలుగా ఉండాల్సిన దానికంటే చాలా చిన్నవిగా ఉన్నాయి. పదకొండు రోజులు తినేది లేనప్పుడు వంటిల్లు మోసుకుపోవడం ఎందుకని, బయల్దేరేటప్పుడే కుదించేసింది. వెళ్లాక మళ్లీ పెంచుకోవాలి. దిగీ దిగగానే కడుపునిండా తినలేకపోవడం దానికి కట్టే వడ్డీ.

ఇంకోటి కూడా ఇక్కడే రాసుకోవాలి. కొవ్వు ఉండటం వేరు, దాన్ని కండరానికి వేగంగా అందించడం వేరు. నీళ్లలాంటి రక్తంలో కొవ్వు కలవదు, మోసుకెళ్లే ప్రొటీన్లు కావాలి. మనం గట్టిగా పరిగెత్తేటప్పుడు కొవ్వు అంత వేగంగా అందదు, అందుకే గ్లైకోజెన్ అయిపోగానే కాళ్లు లాగేస్తాయి. వలస పక్షి ఎగురుతున్నప్పుడు ఖర్చులో సుమారు 90 శాతం కొవ్వు నుంచే లాగుతుంది. వలస కాలంలో ఆ మోత ప్రొటీన్లు దాని కండరాల్లో పెరుగుతాయి. ఇది నా షీట్‌లో ఏ గడిలోనూ లేదు. ఇది లేకపోతే మాత్రం మిగతా గడులన్నీ దండగ.

10వ రోజు

ఖర్చులో వదిలేసినవి గుర్తొచ్చాయి. రెక్కలు కొట్టినా కొట్టకపోయినా ఒళ్లు నడవడానికి అయ్యే ఖర్చు ఒకటి, నా పక్షికి 2 వాట్లు వేశాను. గుండె, ఊపిరితిత్తులు అదనంగా పనిచేయాలి కాబట్టి మొత్తం మీద 10 శాతం ఎక్కువ. రెండూ కలిపితే 9,710 కాస్తా 7,830కి పడిపోయింది. మూడు రోజుల సంపాదన పోయింది. ఇవాళ ఇంతే.

13వ రోజు

ఎత్తు గురించి ఒక పూట పోగొట్టుకున్నాను. పైకి వెళ్తే గాలి పలచన, నిరోధం తక్కువ, పక్షి లాభపడుతుంది కదా అని. కానీ పలచని గాలిలో తేలి ఉండాలంటే ఇంకా వేగంగా పోవాలి, లేదా గట్టిగా కొట్టాలి, ఆక్సిజనేమో తక్కువ. హిమాలయాలు దాటే పట్టితల బాతులకు ఎక్కువ ఆక్సిజన్ పట్టుకునే హిమోగ్లోబిన్ ఉంది. అయినా వాటికి గుండెవేగం కొలిచే పరికరాలు అమర్చి చూస్తే, అవి ఎత్తునే పట్టుకుని కూర్చోవడం లేదు. కొండతో పాటు ఎక్కి, లోయ రాగానే దిగిపోతున్నాయి. 2015లో వచ్చిన ఆ అధ్యయనంలో ఒక లెక్క నన్ను ఆపేసింది: రెక్కలాడించే వేగం 5 శాతం పెరిగితే గుండెవేగం 19 శాతం, శక్తి ఖర్చు 41 శాతం పెరుగుతుంది. కష్టపడి సంపాదించిన ఎత్తును మళ్లీ వదులుకోవడమే వాటికి లాభం. నా షీట్‌లో ఎత్తు కాలమ్ తీసేశాను. సముద్రం మీద దాటాల్సిన కొండలు లేవు.

15వ రోజు

ఇన్నాళ్లూ ముందు నుంచి లెక్క వేస్తున్నాను. ఇవాళ వెనక నుంచి వేశాను. ఇది మొదటి రోజే చేయాల్సింది.

నా పక్షి దగ్గర ఉన్నది 10,937 కిలోజౌళ్లు, కండతో కలిపి. గాల్లో ఉండాల్సింది 265 గంటలు. భాగిస్తే సగటున 11.5 వాట్లు. ఇంట్లో వెలిగే ఎల్ఈడీ బల్బు అంత. అంతే దానికి దొరికేది. నా మోడల్ మొదటి గంటలోనే 31 వాట్లు తాగుతోంది!

11.5లోంచి గుండె-ఊపిరి ఖర్చు, ఒంటి ఖర్చు తీసేసి, 23 శాతం లెక్కేస్తే గాలిని తోయడానికి మిగిలేది 1.9 వాట్లు. బీ6 సగటు వేగం గంటకు 51 కిలోమీటర్లు. 1.9 వాట్లతో, సగటున 317 గ్రాముల ఒంటిని ఆ వేగంతో నడపాలంటే లిఫ్ట్-డ్రాగ్ నిష్పత్తి 23 దాకా ఉండాలి. అది ఆల్బట్రాస్ స్థాయి. ఆల్బట్రాస్ రెక్కలు ఎలా ఉంటాయంటే, గాలి మీద జారుతున్నప్పుడు దాని గుండె గూట్లో కూర్చున్నప్పటికంటే పెద్దగా వేగం పెంచదు. గాడ్విట్‌కు ఆ రెక్కలు లేవు.

అలాగని నా 12 కూడా వేదవాక్కు కాదు. పక్షి ఒంటికి తగిలే నిరోధాన్ని ఒకప్పుడు చాలా ఎక్కువగా లెక్కేసేవారు. స్వీడన్‌లోని లుండ్ విండ్ టన్నెల్‌లో బతికున్న పక్షుల్ని ఎగరేసి, రెక్కల వేగం చూశాక ఆ అంకెను బాగా కిందికి దించాల్సి వచ్చింది. పాత అంకె చచ్చిన పక్షుల మీద కొలిచింది. చచ్చిన పక్షి ఈకలు రెపరెపలాడతాయి, బతికున్న పక్షి వాటిని ఒంటికి నున్నగా అణచుకుంటుంది. కాబట్టి 12 తక్కువే, 23 ఎక్కువే. మిగిలినది గాలి.

గాడ్విట్‌లు అలాస్కాలో ఊరికే లేవవు. అక్కడి సముద్రం మీద తుఫాను కదిలి, దాని వెనక ఉత్తరం నుంచి గాలి తిరిగే దాకా కాచుకుని, ఆ గాలి మీద లేస్తాయి. 2007లో ఈ7 అనే ఆడ గాడ్విట్ అలాస్కా నుంచి న్యూజిలాండ్‌కు 11,680 కిలోమీటర్లు 8 రోజుల్లో వెళ్లింది. గంటకు 60. బీ6ది 51. ఒకే జాతి, రెక్కల్లో పెద్ద తేడా ఉండదు. తేడాలో గాలికి వాటా లేకుండా పోదు.

లెక్క సరిచేశాను. 51లో పక్షి సొంత వేగం 40, గాలి తోడిచ్చింది 11 అనుకుంటే కావాల్సిన నిష్పత్తి 18కి దిగింది. నమ్మదగ్గ అంకె. ఒక మెట్టు తగ్గించి 17 వేసుకున్నాను.

16వ రోజు

ఆఖరి పరుగు. నాలుగో రోజు వాయిదా వేసిన పని కూడా చేశాను: వేగం 50తో మొదలై బరువుతో పాటు తగ్గుతుంది. గాలి సాయం 11. నిష్పత్తి 17. కొవ్వు 275, కండ 40, ఒంటి ఖర్చు 2 వాట్లు, గుండె-ఊపిరికి 10 శాతం.

కిందికి స్క్రోల్ చేస్తూ పోయాను. మొదటి వరుసలో 21 వాట్లు. సగం బరువు పోయేసరికి 9 కంటే తక్కువ. చివరి వరుసల్లో ఆరున్నర. అప్పటికి పక్షి బరువు 185 గ్రాములు, బయల్దేరినప్పటిలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో, దాదాపు గాలి మోస్తుంటే పోతున్నట్టుంది.

255వ వరుసలో కొవ్వు అయిపోయింది. 12,770 కిలోమీటర్లు. పది గంటలు, 790 కిలోమీటర్లు తక్కువ.

తమ్ముడు వచ్చి చూసి, గాలి సాయం గడిలో 11 తీసేసి 14 కొట్టమన్నాడు. కొడితే దూరం దాదాపు సరిపోతుందని నాకూ తెలుసు. ఆ గడి ముట్టుకోకుండా ఫైలు సేవ్ చేశాను.